వైఫై, ఫిల్మ్, డిజిటల్ కెమెరా: పేటెంట్ ఉన్నవాళ్ళే కనిపెట్టినట్టా?

కొత్త_లెక్చరర్
వైర్‌లెస్, ఫొటోగ్రఫీ రంగాల పేటెంట్ల మీద స్టూడెంట్స్‌కి ఒక క్లాస్ చెప్పాలి. స్లైడ్లు చేద్దామని కూర్చుంటే తల తిరిగిపోతోంది. ఒకచోట వైఫై కనిపెట్టింది హాలీవుడ్ నటి హెడీ లామార్ అని రాశారు. ఇంకోచోట ఆస్ట్రేలియా సైంటిస్టులు బ్లాక్ హోల్స్ కోసం వెతుకుతుంటే దొరికిందట. రేడియో మార్కోనీది కాదు, అమెరికా సుప్రీంకోర్టే దాన్ని టెస్లాకి ఇచ్చిందని ఒకరు. రోల్ ఫిల్మ్ కొడాక్ కంపెనీ పెట్టిన ఈస్ట్‌మన్‌ది కాదు, ఒక చర్చి పాస్టర్‌దని మరొకరు. ప్రతివాళ్ళూ చివర్లో ఒక పేటెంట్ నంబర్ పడేసి ఇదిగో రుజువు అంటారు.

అసలు పేటెంట్ ఒకరి పేరు మీద ఉందంటే ఆ వస్తువు వాళ్ళు కనిపెట్టినట్టేనా? పిల్లలకి ఏమని చెప్పాలి?

టెస్లా_భక్తుడు
రేడియో గొడవ 1943లోనే తేలిపోయింది కదా. సుప్రీంకోర్టు మార్కోనీ పేటెంట్ కొట్టేసింది. పాపం టెస్లా అదే ఏడాది జనవరిలో పోయాడు, తీర్పు జూన్‌లో వచ్చింది.

పాతరేడియో
భక్తుడు గారూ, ఆ తీర్పు ఒకసారి పూర్తిగా చదవండి. మొదటి ప్రపంచ యుద్ధంలో తమ పేటెంట్లు వాడుకున్నందుకు డబ్బు ఇవ్వమని మార్కోనీ కంపెనీ అమెరికా ప్రభుత్వం మీద వేసిన దావా అది. అందులో నలిగింది 763,772 నంబర్ పేటెంట్. ట్రాన్స్‌మిటర్‌లో రెండు సర్క్యూట్లు, రిసీవర్‌లో రెండు, నాలుగింటినీ ఒకే ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేయడం గురించి. ఈ పని ముందే చూపించినవాళ్ళున్నారు, లాడ్జ్, టెస్లా, జాన్ స్టోన్ స్టోన్ అని కోర్టు అంది. ముఖ్యంగా ఆధారపడింది స్టోన్ మీద. ఆయన పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, బాధగా ఉంటుంది.

మార్కోనీ మొదటి పేటెంట్, అంటే 1896లో బ్రిటన్‌లో వేసినదాని సంగతి ఆ కేసులో లేనే లేదు. రేడియో ప్రసారం మొదట విజయవంతంగా చేసినవాడిగా ఆయనకున్న పేరు జోలికి మేం పోవట్లేదని కోర్టే రాసింది. "రేడియో ఎవరు కనిపెట్టారు" అనే ప్రశ్నకి జవాబు ఆ తీర్పులో వెతికితే దొరకదు.

టెస్లా_భక్తుడు
టెస్లా ముందే చూపించాడని కోర్టు ఒప్పుకుంది కదా. నాకది చాలు 🙂

క్లెయిమ్_వన్
నేను పేటెంట్ డ్రాఫ్టింగ్ పనిలో ఉన్నాను. లెక్చరర్ గారి ప్రశ్నకి నా జవాబు: కాదు. పేటెంట్‌లో చాలా పేజీలు వివరణ ఉంటుంది, బొమ్మలుంటాయి, చివర్లో నంబర్లు వేసిన వాక్యాలు ఉంటాయి. వాటిని క్లెయిములు అంటాం. హక్కు ఉండేది ఆ వాక్యాల మీద మాత్రమే. వివరణ ఎంత గొప్పగా ఉన్నా క్లెయిములు పొలానికి పాతిన సర్వే రాళ్ళలాంటివి, వాటి లోపల ఉన్నదే మీది. ఇంటర్నెట్‌లో వచ్చే కథల్లో నూటికి తొంభై టైటిల్ చూసి రాసినవే. క్లెయిములు చదివినవాళ్ళు కనపడరు.

రెండోది, "వైఫై" అని ఒక పేటెంట్ ఉండదు. మోడ్యులేషన్ (డేటాని రేడియో అలల మీద ఎక్కించే పద్ధతి) ఒకరిది, ఎర్రర్ కరెక్షన్ (దారిలో పడిన తప్పులు సరిదిద్దడం) ఇంకొకరిది, యాంటెన్నాల పద్ధతి వేరొకరిది. వేల పేటెంట్లు కలిస్తే ఒక ప్రమాణం. కాబట్టి "ఎవరు కనిపెట్టారు" అన్న ప్రశ్ననే "ఏ ముక్క ఎవరిది" అని మార్చి అడగాలి.

బేస్‌బ్యాండ్
+1. లామార్ సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఆమె, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి 1941 జూన్‌లో అప్లై చేస్తే 1942 ఆగస్టు 11న 2,292,387 నంబర్‌తో పేటెంట్ వచ్చింది. పేరు హెడీ కీస్లర్ మార్కీ అని ఉంటుంది. రేడియోతో నడిపే టార్పెడోని శత్రువు జామ్ చేయకుండా ఫ్రీక్వెన్సీని మారుస్తూ పోవాలి, దీన్నే ఫ్రీక్వెన్సీ హాపింగ్ అంటారు. ఓడలోనూ టార్పెడోలోనూ ఒకేలాంటి చిల్లుల కాగితం చుట్టలు, ఆటోమేటిక్ పియానోలో వాడే రకం, ఒకే వేగంతో తిరుగుతాయి. ఆ చుట్టలో 88 వరసలకి చోటు ఉంటుందని పేటెంట్‌లోనే రాశారు. పియానోకి 88 మెట్లు మరి.

ఇక వైఫైకి వస్తే, 1997 నాటి మొదటి వైఫై ప్రమాణం 802.11లో ఫ్రీక్వెన్సీ హాపింగ్ ఒక ఆప్షన్‌గా ఉంది. ఆ తర్వాత జనం వాడిన వెర్షన్లలో హాపింగ్ లేదు. బ్లూటూత్‌లో మాత్రం ఉంది. క్లాసిక్ బ్లూటూత్ 79 చానళ్ళ మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతుంది. ఆమె పేరు చెప్పాలనుకుంటే బ్లూటూత్ దగ్గర చెప్పండి. అదైనా "ఆమె కనిపెట్టారు" అనకూడదు, ఆ ఐడియాకి ముందు తరంలో ఉన్నారు అనాలి. హాపింగ్ ఆలోచన ఆమెకంటే ముందు కూడా పేటెంట్లలో ఉంది.

వానకోయిల
ఆడవాళ్ళ పేరు వచ్చిన ప్రతిసారీ "ముందే ఉంది", "వేరేవాళ్ళు కూడా" అని మొదలవుతుంది. ఎడిసన్ గురించి ఇంత వివరంగా ఎవరూ తవ్వరు.

బేస్‌బ్యాండ్
వానకోయిల గారూ, ఎడిసన్ గురించి తవ్వినా ఇలాగే తేలుతుంది, నేను రెడీ. ఆమెని తగ్గించడం నా ఉద్దేశం కాదు. రెండు చోట్ల ఒకే క్షణంలో ఫ్రీక్వెన్సీ మారేలా కలపడం ఆ రోజుల్లో చాలా కష్టమైన సమస్య, దానికి వాళ్ళిచ్చిన పరిష్కారం వాళ్ళ సొంతం. నేవీ యుద్ధంలో దాన్ని వాడలేదు, 1959లో పేటెంట్ గడువు అయిపోయింది, వాళ్ళకి దాని మీద ఆదాయం రాలేదు. ఇది చెప్పకుండా "వైఫై తల్లి" అంటే ఆమె నిజంగా చేసిన పని కనపడకుండా పోతుంది. నా బాధ అది.

వానకోయిల
ఇలా చెబితే ఒప్పుకుంటాను.

రవ్వలు
ఆస్ట్రేలియా వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదేం? అది పక్కా కదా, కోట్ల డాలర్లు వసూలు చేశారు.

బేస్‌బ్యాండ్
అది నాకు ఇష్టమైన టాపిక్, కొంచెం పొడుగు అవుతుంది, భరించండి.

గదిలో రేడియో సిగ్నల్ గోడలకి, బీరువాలకి, మనుషులకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. ఒకే సిగ్నల్ చాలా దారుల్లో, కొద్దికొద్ది ఆలస్యంతో రిసీవర్‌ని చేరుతుంది. నిమ్మళంగా పంపితే ఇబ్బంది లేదు. వేగంగా పంపితే ముందు బిట్ ప్రతిధ్వని తర్వాతి బిట్ మీద పడుతుంది, అంతా కలిసిపోతుంది. 1990ల మొదట్లో వైర్‌లెస్ లాన్‌కి (ఇల్లు, ఆఫీసు లోపలి వైర్లు లేని నెట్‌వర్క్‌కి) పెద్ద అడ్డు ఇదే.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో జాన్ ఓ'సల్లివన్ టీమ్ చేసింది ఏంటంటే, ఒక వేగవంతమైన ధారకి బదులు డేటాని చాలా నెమ్మదైన ధారలుగా విడగొట్టి పక్కపక్క ఫ్రీక్వెన్సీల మీద ఒకేసారి పంపడం. ఒక్కో ధార నెమ్మది కాబట్టి ప్రతిధ్వని వచ్చేలోపు బిట్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, గందరగోళం ఉండదు. ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దెబ్బతిన్నా డేటా పోకుండా బిట్లని కలగలిపి, ఎర్రర్ కరెక్షన్ పెట్టారు. ఈ విడగొట్టడం, కలపడం ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతితో జరుగుతుంది. ఓ'సల్లివన్ అంతకుముందు రేడియో ఖగోళశాస్త్రంలో చిన్న బ్లాక్ హోల్స్ పేలుళ్ళ కోసం వెతికాడు, అవి దొరకలేదు. కానీ సిగ్నల్స్‌లో మసకని ఆ గణితంతో ఎలా విప్పాలో చేతికి వచ్చింది. వ్యాసాల్లో చెప్పే బ్లాక్ హోల్ కథలో నిజం ఇంతవరకే.

అమెరికా పేటెంట్ 5,487,069, 1996 జనవరిలో వచ్చింది. 2009లో పద్నాలుగు కంపెనీలతో రాజీ, 2012లో మరో విడత. మొత్తం 43 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకి పైనే వచ్చింది. 2013లో గడువు తీరింది.

రవ్వలు
చాలా ధారలుగా విడగొట్టడం అంటే ఓఎఫ్‌డీఎం. అది బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ చాంగ్ 1966లో అప్లై చేసి, 1970లో పేటెంట్ తెచ్చుకున్నదే కదా! తర్వాత ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్‌తో ఎలా చేయాలో 1971లో వైన్‌స్టైన్, ఎబర్ట్ పేపర్ రాశారు. మరి సీఎస్ఐఆర్ఓకి అంత డబ్బు ఎందుకు కట్టాలి? పాత ముక్కలని అతికించి కొత్త పేటెంట్ తీసుకున్నట్టు లేదూ?

బేస్‌బ్యాండ్
అతికించడం తేలిక అనుకుంటున్నారు. ఓఎఫ్‌డీఎం, ఇంటర్‌లీవింగ్ (బిట్లని కలగలపడం), కోడింగ్ (ఎర్రర్ కరెక్షన్) అన్నీ విడివిడిగా ఉన్నాయి, నిజం. కానీ గది లోపల ఇంత వేగం కోసం, చవకైన చిప్‌లో పట్టేలా, ఈ మూడూ కలిస్తే పని చేస్తాయని అప్పటికి వైర్‌లెస్ లాన్ వాళ్ళు అనుకోలేదు. 2006లో అమెరికా కోర్టు కూడా పేటెంట్ చెల్లుతుందనే అంది.

రవ్వలు
తర్వాత అప్పీలు కోర్టు ఒక అంశం మీద దాన్ని మళ్ళీ విచారించమని వెనక్కి పంపింది. ఆలోపు అందరూ రాజీ పడ్డారు. అంటే "స్పష్టంగా తెలిసిన విషయమేనా" అన్న ప్రశ్న చివరిదాకా తేలలేదు. రాజీ పడటం అంటే ఒప్పుకోవడం కాదు, లాయర్ ఖర్చు లెక్క వేసుకోవడం.

క్లెయిమ్_వన్
ఇద్దరూ సగం సగం కరెక్ట్. తెలిసిన ముక్కల కలయికకి పేటెంట్ రావచ్చు, ఆ కలయిక ఆ రంగంలో నిపుణుడికి ఆనాటికి సహజంగా తట్టేది కాకపోతే. చిక్కంతా "ఆనాటికి" దగ్గర ఉంటుంది. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే అన్నీ సహజంగానే కనిపిస్తాయి.

చీకటిగది
వైర్‌లెస్ వాళ్ళే మాట్లాడుతున్నారు, ఫిల్మ్ వైపు కూడా రండి. మన లెక్చరర్ గారి ప్రశ్నకి తిన్నగా సరిపోయే కేసు 1854లో లండన్‌లో నడిచింది. ఫొటోగ్రఫీ తొలితరం పరిశోధకుడు టాల్బట్ 1841లో కాలోటైప్‌కి బ్రిటన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. కాగితం మీద నెగెటివ్, దాన్నుంచి ఎన్ని ప్రింట్లైనా. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు మీద కొలోడియన్ పద్ధతి కనిపెట్టి, పేటెంట్ వేయకుండా పత్రికలో ప్రచురించేశాడు. జనం అంతా అటు వెళ్ళారు. అదీ నా పేటెంట్ కిందికే వస్తుందని టాల్బట్ లారోష్ అనే ఫొటోగ్రాఫర్ మీద కేసు వేశాడు.

జ్యూరీ రెండు ప్రశ్నలకీ విడివిడిగా జవాబిచ్చింది. కాలోటైప్ మొదట కనిపెట్టింది టాల్బటేనా? అవును. లారోష్ తప్పు చేశాడా? లేదు, కొలోడియన్ వేరే పద్ధతి. లెక్చరర్ గారూ, ఈ ఒక్క కేసు పెట్టండి, క్లాస్ సగం అయిపోతుంది.

ఆర్చర్ 1857లో పేదరికంలో పోయాడు. ఆ పద్ధతి మీద ముప్పై ఏళ్ళు స్టూడియోలు బతికాయి.

టెస్లా_భక్తుడు
ఆర్చర్ గురించి మొదటిసారి వింటున్నా. టెస్లాకన్నా ఈయన కథ బాధాకరం.

చీకటిగది
ఇంకో బాధాకరం ఉంది, లెక్చరర్ గారు అడిగిన పాస్టర్. హానిబల్ గుడ్‌విన్, న్యూ జెర్సీలో న్యూవార్క్. చర్చిలో పిల్లలకి బైబిల్ బొమ్మలు చూపించడానికి గాజు పలకలు బరువు, పగిలిపోతాయి. నైట్రోసెల్యులోజ్‌ని ద్రావకాల్లో కరిగించి, నున్నటి గాజు మీద పోసి, ఆరాక పొరలా ఒలిచి దాని మీద ఎమల్షన్ (వెలుతురుకి స్పందించే పూత) పూయాలన్నది ఆయన పద్ధతి. 1887 మే 2న అప్లై చేశాడు. పేటెంట్ ఎప్పుడొచ్చింది? 1898 సెప్టెంబర్ 13న. పదకొండేళ్ళు! ఆయన తర్వాత అప్లై చేసిన ఈస్ట్‌మన్ కెమిస్ట్ రైఖెన్‌బాక్‌కి 1889 డిసెంబర్‌లోనే వచ్చేసింది. గుడ్‌విన్ 1900 చివరి రోజున చనిపోయాడు. ఆ పేటెంట్ కొన్న ఆన్స్‌కో కంపెనీ వాళ్ళు కేసు గెలిచారు. 1914లో ఈస్ట్‌మన్ కొడాక్ 50 లక్షల డాలర్లు కట్టింది.

రవ్వలు
అప్లికేషన్ తేదీకి, పేటెంట్ వచ్చిన తేదీకి అంత దూరమా... ఇప్పుడు గడువు అప్లై చేసిన రోజు నుంచి 20 ఏళ్ళు కాబట్టి ఇలా జరిగితే సగం కాలం ఆఫీసులోనే అయిపోయేది.

క్లెయిమ్_వన్
అవును. అప్పట్లో అమెరికాలో వచ్చిన రోజు నుంచి 17 ఏళ్ళు లెక్కపెట్టేవారు. అందుకే గుడ్‌విన్ పేటెంట్ 1914లో ఇంకా బతికి ఉంది.

హాలైడ్
ఎవరూ అడగని విషయం ఒకటి చెబుతాను. ఫిల్మ్ ఎమల్షన్ చరిత్రలో కొన్ని గొప్ప ఆవిష్కరణలు పేటెంట్‌లో లేవు, కావాలని దాచారు. సిల్వర్ హాలైడ్ స్ఫటికాల మీద అతి కొద్ది బంగారు లవణం చేరిస్తే ఫిల్మ్ వేగం, అంటే వెలుతురుకి స్పందించే శక్తి, బాగా పెరుగుతుంది. జర్మన్ ఫిల్మ్ కంపెనీ ఆగ్ఫాలో కోస్లోవ్‌స్కీ 1936లో దీన్ని పట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేదాకా బయటికి రాలేదు. ఫిల్మ్‌ని విప్పి చూసినా అంత తక్కువ బంగారాన్ని అప్పట్లో పట్టుకోవడం కష్టం. పట్టుబడదు అన్న నమ్మకం ఉంటే పేటెంట్ వేసి అందరికీ ఎందుకు చెప్పాలి?

వైర్‌లెస్‌లో ఈ వేషం కుదరదు. రెండు కంపెనీల పరికరాలు మాట్లాడుకోవాలంటే పద్ధతి అందరికీ తెలియాలి. అందుకే అక్కడ పేటెంట్ల వరద, ఇక్కడ తాళం వేసిన గదులు.

వానకోయిల
ఇది నాకు కొత్త. మరి పేటెంట్ ఉన్నవి చదివితే ఫిల్మ్ తయారు చేసుకోవచ్చా? గడువు అయిపోయినవి ఎవరైనా వాడుకోవచ్చు కదా?

హాలైడ్
చట్టం ప్రకారం వాడుకోవచ్చు. చేతికి రావడం వేరే సంగతి. పొలరాయిడ్ చూడండి. 1972లో వచ్చిన ఎస్ఎక్స్-70 ఇన్‌స్టంట్ కెమెరాలోంచి ఫొటో బయటికి రాగానే ఎండలో పడుతుంది, లోపల ఇంకా డెవలప్ అవుతూ ఉంటుంది. వెలుతురు లోపలికి పోతే బొమ్మ నాశనం. రోలర్ల మధ్య నుంచి వచ్చేటప్పుడు ఒక చిన్న సంచీ పగిలి చిక్కటి క్షార ద్రవం పొరల మధ్య పరుచుకుంటుంది. అందులో తెల్లటి టైటానియం డయాక్సైడ్, దాంతోపాటు పీహెచ్ ఎక్కువ ఉన్నంతసేపు ముదురు రంగులో ఉండే డైలు. అవే వెలుతురుని అడ్డుకుంటాయి. ఈలోగా కింది ఆమ్లపు పొర క్షారాన్ని మెల్లగా తటస్థం చేస్తుంది, పీహెచ్ పడిపోగానే ఆ డైల రంగు పోతుంది, తెల్లటి నేల మీద బొమ్మ కనిపిస్తుంది. తెర తనంతట తనే మాయమవుతుంది. నాకు తెలిసిన రసాయన పేటెంట్లలో ఇంత అందమైనది లేదు.

2008లో పొలరాయిడ్ ఫిల్మ్ ఆపేశాక, నెదర్లాండ్స్‌లో ఎన్‌షెడేలోని చివరి ఫ్యాక్టరీ యంత్రాలు ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ వాళ్ళు కొన్నారు. అక్కడ పనిచేసిన మనుషులే చేరారు. పేటెంట్లు ఎవరైనా చదవచ్చు. అయినా కావలసిన రసాయనాలు ఎవరూ తయారు చేయట్లేదు, అన్నీ మళ్ళీ మొదలు. 2010లో వచ్చిన వాళ్ళ తొలి ఫిల్మ్‌లో ఆ తెర సరిగ్గా పనిచేయలేదు. ఫొటో బయటికి వస్తుంటే చేత్తోనో అట్టతోనో నీడ పట్టాల్సి వచ్చేది.

చీకటిగది
నేను పట్టాను అలా నీడ. సగం ఫొటోలు పాలిపోయేవి. అయినా ఆ ఫిల్మ్ బతికించినందుకు వాళ్ళకి దండం.

పాతరేడియో
ఇదే పొలరాయిడ్ పేటెంట్లతో కొడాక్‌ని మట్టి కరిపించిందిగా. 1976లో కొడాక్ ఇన్‌స్టంట్ కెమెరా వచ్చిన వారంలోపే కేసు. 1986లో కొడాక్ మొత్తం దుకాణం మూసేసింది, 1991లో 92.5 కోట్ల డాలర్లు కట్టింది. కెమెరాలు కొన్నవాళ్ళకి ఫిల్మ్ లేకుండా పోయింది.

కొత్త_లెక్చరర్
అద్భుతం, స్లైడ్లు నిండిపోతున్నాయి. డిజిటల్ కెమెరా గురించి కూడా చెప్పండి. "కొడాక్ కనిపెట్టి అటకెక్కించింది" అని అందరూ రాస్తారు, నిజమేనా?

బేస్‌బ్యాండ్
స్టీవ్ సాసన్ 1975లో చేసిన నమూనా 100x100 పిక్సెళ్ళు, ఒక బొమ్మ క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు. పేటెంట్ 4,131,919, 1978 డిసెంబర్ 26న వచ్చింది, సాసన్‌తోపాటు గారెత్ లాయిడ్ పేరు కూడా ఉంటుంది. దాన్ని వస్తువుగా అమ్మలేదు, అది నిజం. కానీ కొడాక్ డిజిటల్ ఇమేజింగ్ పేటెంట్లు అటకెక్కలేదు, తర్వాత వాటి మీద రాయల్టీలు బాగానే వచ్చాయి.

అదే కంపెనీలో బ్రైస్ బేయర్ చేసిన పనిని ఎవరూ తలచుకోరు. 3,971,065, 1976. సెన్సార్ మీద చదరంగంలా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు, అందులో ఆకుపచ్చ రెండింతలు, ఎందుకంటే మన కంటికి సూక్ష్మమైన వివరం ఎక్కువగా ఆ రంగులోనే అందుతుంది. మీ ఫోన్ కెమెరాలో ఉన్నది దాదాపు ఖాయంగా ఆ అమరికో, దాని కొడుకో.

రవ్వలు
చివరికి ఆ పేటెంట్ల విలువ ఎంత తేలిందో చూడండి. 2009లో దివాలా తీసిన కెనడా టెలికాం కంపెనీ నార్టెల్ వైర్‌లెస్, నెట్‌వర్క్ పేటెంట్లు సుమారు 6000, 2011లో యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్ళు కలిసి 450 కోట్ల డాలర్లకి కొన్నారు. ఏడాదిన్నర తర్వాత దివాలాలో ఉన్న కొడాక్ 1100 ఇమేజింగ్ పేటెంట్లకి వచ్చింది దాదాపు 53 కోట్ల డాలర్లు. 200 కోట్ల పైమాటే అని ఆశపడ్డారు పాపం.

టెస్లా_భక్తుడు
నార్టెల్ వేలంలో గూగుల్ లెక్కల్లోని పై (π) విలువ, అంటే 3.14159 బిలియన్ డాలర్లు అని పాట పాడింది కదా, అది గుర్తుంది నాకు 😄

వానకోయిల
లెక్చరర్ గారి ప్రశ్నకి నా సొంత కేసు చెబుతాను. నేను పనిచేసిన ఒక కంపెనీలో సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు ప్యాకెట్ సైజ్ మార్చే పద్ధతి ఒకటి నేను, ఇంకో అబ్బాయి కలిసి చేశాం. నోట్‌బుక్ మొత్తం నా చేతిరాతే. నేను మానేశాక పేటెంట్ అప్లై చేశారు. ఆవిష్కర్తల్లో ఆ అబ్బాయి పేరుంది, మా మేనేజర్ పేరుంది, నాది లేదు. మేనేజర్ మీటింగుల్లో కూర్చోవడం తప్ప ఏమీ చేయలేదు. ఎవరైనా "పేటెంట్‌లో పేరుంది కాబట్టి ఆయనే కనిపెట్టాడు" అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాతరేడియో
అన్యాయం. ఊరుకోకండి.

హాలైడ్
నోట్‌బుక్ మీ దగ్గర ఉందా, కంపెనీ దగ్గరా?

వానకోయిల
నోట్‌బుక్ వాళ్ళ దగ్గరే. కానీ మేమిద్దరం రాసుకున్న మెయిళ్ళ గురించి ఆ అబ్బాయికి తెలుసు, అడిగితే నిజం చెబుతాడు.

క్లెయిమ్_వన్
వానకోయిల గారూ, ఇది వదిలేయాల్సిన విషయం కాదు. పేటెంట్ సొంతదారు, ఆవిష్కర్త రెండు వేరు వేరు గడులు. ఉద్యోగంలో చేసినది కాబట్టి సొంతం కంపెనీదే అయ్యుండొచ్చు, దాని మీద మీకు హక్కు రాకపోవచ్చు. కానీ ఆవిష్కర్త పేరు మర్యాద కోసం రాసేది కాదు. క్లెయిముల్లో ఉన్న ఆలోచనకి ఎవరు తోడ్పడ్డారో వాళ్ళ పేరే ఉండాలి. జీతం ఇచ్చినందుకో, టీమ్ నడిపినందుకో పేరు రాదు. అమెరికాలో అయితే పేటెంట్ వచ్చాక కూడా పేర్లు సరిదిద్దించవచ్చు, తప్పుడు పేర్లతో వదిలేస్తే పేటెంటే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే మర్యాదగా ఉత్తరం రాస్తే చాలా కంపెనీల లీగల్ వాళ్ళు వింటారు, అది వాళ్ళ అవసరం కూడా.

ముందు ఆ పేటెంట్ తెరిచి క్లెయిములు ఒక్కొక్కటే చదవండి. ప్యాకెట్ సైజ్ మార్చే మీ పద్ధతి ఏ క్లెయిములో ఉందో నంబర్ రాసుకోండి. అది వివరణలో మాత్రమే ఉండి క్లెయిములో లేకపోతే మీ వాదన బలహీనం. ఉంటే, ఆ అబ్బాయితో మాట్లాడి మెయిళ్ళ తేదీలు చూసుకుని, మీ దేశంలో పేటెంట్ లాయర్ని కలవండి. నంబర్ ఇక్కడ బహిరంగంగా పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చేయండి, క్లెయిములు చదివి పెడతాను.

వానకోయిల
మెసేజ్ చేశాను. క్లెయిమ్ 4, 7 రెండిట్లోనూ ఉంది.